మొవ్వులో నీళ్లు

ఆ ఇంట్లో పొద్దుటి వెలుతురు వచ్చే కిటికీ ఒక్కటే. అది పెద్దకోడలి ఆర్కిడ్ల పాలైంది.

కుండీలు నాలుగు. వాటిలో మట్టి ఉండదు. చెక్క పెచ్చులు, బొగ్గు ముక్కలు, వాటి మధ్య పాముల్లా మెలికలు తిరిగిన వేళ్లు. వాటి కోసం కిటికీ ఎత్తున బల్ల చేయించుకుంది పెద్దకోడలు. ఆ బల్ల మీద ఇంకెవరూ మంచినీళ్ల గ్లాసు కూడా పెట్టకూడదు.

చిన్నకోడలు కోట్లకు చేత్తో కాజాలు కుట్టేది. వీధిలో అందరికీ ఆమె కాజాలావిడ. దర్జీ పంపేవన్నీ కోర్టుకు వేసుకెళ్లే నల్లకోట్లు. నల్లబట్ట మీద నల్లదారం. దీపం కింద ఆ రెండూ ఒకటైపోతాయి, పగటి వెలుతురులోనే విడివిడిగా కనబడతాయి. మూడేళ్లుగా వంటింటి మూల బల్బు కింద కుట్టి కుట్టి ఆమె కళ్లు నీరు కారడం మొదలుపెట్టాయి. కాజాలు వంకరపోయాయని దర్జీ ఒక కోటు తిప్పి పంపాడు. ఇంకోటి తిరిగొస్తే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తానని కబురు కూడా పెట్టాడు.

ఆమె కిటికీ అడిగింది. సగం చాలంది. పెద్దకోడలు ఆకులు తుడుస్తూ వెనక్కి తిరక్కుండానే జవాబు చెప్పింది.

"మొక్కలు నోరు తెరిచి అడగలేవు కదమ్మా. నీకు బల్బుంది."

మగవాళ్లిద్దరూ అక్కడే ఉన్నారు. బావగారు గడ్డం గీసుకుంటున్నాడు. మొగుడు చెప్పులో లేచిన మేకును చూసుకుంటున్నాడు. ఆ పూట ఇద్దరికీ చెవులు పనిచేయలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు పెద్దకోడలు స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. నెల రోజులు ఆసుపత్రి అన్నారు. ఆపరేషనుకు ముందు ఆమె తోడికోడల్ని మంచం దగ్గరికి పిలిపించుకుంది. తన గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మొక్కల గురించే మూడుసార్లు చెప్పింది. వారానికి ఒక్కసారే నీళ్లు. కుండీని బకెట్లో ముంచి, కాసేపుంచి, తీసి, నీరంతా ఓడ్చాలి. వేళ్లు తెల్లబడితేనే దాహం వేసినట్టు. ఆకుల నడుమ మొవ్వులో మాత్రం చుక్క నిలవకూడదు. నిలిస్తే గుడ్డ కొనతో అద్దాలి.

నిలిస్తే ఏమవుతుందని చిన్నకోడలు అడిగింది.

"కుళ్లుతుంది. మొవ్వు కుళ్లితే మొక్క పోయినట్టే."

"అలాగే అక్కా," అంది చిన్నకోడలు. శ్రద్ధగా విన్నది.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఒక గ్లాసు నీళ్లు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడేది. ఒక్కో మొవ్వులో ఒక్కో చెంచాడు. చాటుగా కాదు, అందరూ చూస్తుండగానే. కోపం కూడా లేదు ఆమెకు. బియ్యంలో రాళ్లు ఏరినంత తీరుబడిగా పోసేది. బావగారికి అది చూసి మనసు కరిగింది. మరదలు నీ మొక్కల్ని కంటికి రెప్పలా చూసుకుంటోందని ఆసుపత్రిలో పెళ్లానికి చెప్పి వచ్చాడు. రోజూ నీళ్లు పోస్తోందన్న సంగతి చెప్పాలని ఆయనకు తట్టలేదు.

పదో రోజుకు మొవ్వులు నల్లబడ్డాయి. పదిహేనో రోజు ఆమె నడిమి ఆకును రెండు వేళ్లతో పట్టుకుంటే ఊడే పన్నులా చేతిలోకి వచ్చేసింది. వేళ్లు వాసన చూసుకుని చెయ్యి కడుక్కుంది. కుండీలు దింపి బల్ల కింద పెట్టింది. తన స్టూలు కిటికీ దగ్గరికి జరుపుకుంది. ఆ పక్షం రోజులూ కాజాలు చీమల బారులా తీర్చినట్టు వచ్చాయి. కళ్లు నీరు కారడం ఆగింది. దర్జీ ఎన్నడూ లేనిది, బాగున్నాయని చెప్పి పంపాడు.

పెద్దకోడలు నాలుగు కాళ్ల కర్ర ఊతంతో ఇంటికొచ్చింది. ముందు స్టూలు చూసింది, తర్వాత బల్ల కిందికి చూసింది. కుర్చీలో కూర్చుని కుండీలు ఒళ్లోకి అందించమంది. ఒక్కో మొదలూ నొక్కి చూసింది.

"రోజూ పోశావా?"

"ఒక్క పూట మానలేదక్కా. బావగార్ని అడుగు."

"ఎక్కడ పోశావు?"

"మొవ్వులోనే. చుక్క బయటికి పోనివ్వలేదు."

ఎంత శ్రద్ధో చూడమన్నట్టు బావగారు తలూపాడు.

పెద్దకోడలికి అర్థమైంది. అర్థమైందని చిన్నకోడలికీ అర్థమైంది. తిడితే తిట్టిన నోరే చెడ్డదవుతుంది. అందుకని ఆమె తిట్టలేదు. మూడు కుండీలు పారేయమంది. నాలుగోదాన్ని మాత్రం వెలుతురు వైపు తిప్పి, కుళ్లిన కాడ పక్కనే వేళ్ల మధ్య వేలు పెట్టి చూపించింది. బియ్యపుగింజంత పచ్చటి మొన.

"పిలక. మొవ్వు పోయినా ఒక్కోసారి పక్కనుంచి వేస్తుంది," అంది. "అది నీకు చెప్పలేదు."

తర్వాత మొగుడి వైపు తిరిగి, ఎముకకు పొద్దుటి ఎండ మంచిదని డాక్టరు చెప్పాడనీ, తన మంచం కిటికీ కింద వేయమనీ అంది. ఈసారి అన్నదమ్ములిద్దరికీ చెవులు బాగా పనిచేశాయి. బల్ల తీశారు, స్టూలు వంటింట్లోకి విసిరినట్టు జరిపారు, మంచం వేశారు. పిలక కుండీ ఆమె తలగడ పక్కన గూట్లోకి చేరింది.

"ఇది పూయడానికి మూడేళ్లు," అంది పెద్దకోడలు పడుకుంటూ. "అందాకా నేనూ ఎక్కడికీ కదలను. నీ చెయ్యి మంచిదంటున్నారమ్మా అందరూ. మమ్మల్నిద్దర్నీ నువ్వే చూడాలి."

పది రోజుల తర్వాత దర్జీ దగ్గరి నుంచి ఒక నల్లకోటు తిరిగొచ్చింది. ఈసారి దానితో కబురేమీ రాలేదు. కొత్త మూట కూడా రాలేదు. చిన్నకోడలు బల్బు కింద కూర్చుని వంకరపోయిన కాజా మీద వేలితో తడుముతూ ఉండిపోయింది. నలుపులో నలుపు, కంటికి ఏమీ ఆనలేదు.

కిటికీ దగ్గర్నుంచి పెద్దకోడలు పిలిచింది, కాసిన్ని మంచినీళ్లు కావాలని. మొక్కకు వద్దనీ, దానికి ఆదివారం తనే పోసుకుంటాననీ, ఇవి తనకేననీ చెప్పింది.

చిన్నకోడలు గ్లాసు తీసుకుని లేచింది.