మొదటి చెయ్యి ఖాజాది

డాక్టర్ జహీరా గారి క్లినిక్‌లో చీటీలు ఇవ్వడం, సూదులు మరగబెట్టడం, నెత్తురు తీయడం నా పనులు. గోదావరిఖని మార్కెట్ వెనక సందులో రెండు గదులు. ముందు గదిలో బెంచీలు, నా బల్ల. పచ్చ తెర అవతల డాక్టరమ్మ. తెర పలచనిది కాబట్టి బల్ల దగ్గర కూర్చుంటే లోపలి మాటలు నాకు వినిపించేవి.

ఖాజన్న బొగ్గుబాయిలో సర్దార్. షిఫ్టులో అందరికంటే ముందు లోపలికి పోయి, కర్రతో పైకప్పు తట్టి, గాలి చూసి, బాగుందని అతను చెప్పాకే మిగతావాళ్లు అడుగు పెట్టాలి. నలభై దాటినా పెళ్లి చేసుకోలేదు. సైకిల్ షాపు మక్సూద్‌తో కలిసి ఒకే ఇంట్లో ఉండేవాడు. వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమవుతారని కాలనీలో ఎవరూ అడగలేదు. తెలియనివాళ్లు కూడా ఎక్కువ మంది లేరు.

క్లినిక్‌కి వచ్చినప్పుడల్లా అతను సంచి నిండా నిరోధ్ ప్యాకెట్లు తీసుకుపోయేవాడు.

"ఏం ఖాజా, ఒక్కనివి గన్ని ఏం చేసుకుంటవ్?" అని ఒకసారి బెంచీ మీది పోశవ్వ అడిగింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, వారం వారం వచ్చేది.

"నలుగురికి పంచుత అవ్వా. నీకు గావాల్నా?"

"నీ నోట్ల మన్ను వడ!" అని పోశవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

పంచేది ఎవరికో నాకు మెల్లగా అర్థమైంది. మగవాళ్లతో కలిసే మగవాళ్లకు. వాళ్లలో పెళ్లైనవాళ్లూ ఉన్నారు, కానివాళ్లూ ఉన్నారు. డ్యూటీ దిగాక మక్సూద్ షాపు ముందు కూర్చునేవాళ్లు. ఆ రోజుల్లో బస్టాండు గోడ మీద, పరాయి స్త్రీల జోలికి పోయి ఎయిడ్స్ తెచ్చుకోవద్దని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. అది చదివి వాళ్లు నిశ్చింతగా ఉండేవాళ్లు. ఆడవాళ్ల దగ్గరికి పోవడం లేదు కదా, తమకేం కాదనుకునేవాళ్లు. ఖాజన్న కూడా చాన్నాళ్లు అలాగే అనుకున్నాడట. అది తప్పని డాక్టరమ్మ చెప్పిన నాటి నుంచి అతను ఊరుకోలేదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం అతను ఎల్లేశాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎల్లేశం బాయిలో బొగ్గు ఎత్తే కుర్రవాడు. భార్య పూలమ్మ తొలి కాన్పుకు కాసిపేటలోని పుట్టింటికి పోయింది. కొడుకు పుట్టాడు. వచ్చే గురువారం తల్లీబిడ్డలను పంపిస్తామని కబురు వచ్చింది.

"కాళ్లు సూపెట్టు" అన్నాడు ఖాజన్న తెర అవతల.

"ఏముంది సర్దార్, బూట్ల నీళ్లకు వచ్చిన మచ్చలు. బాయిల అందరికి ఉంటయి."

"అందరి కాళ్లు స్నానాల కాడ రోజూ సూస్త. నీళ్లకు పాదం తెల్లగ నానుతది, కాలివేళ్ల సందులు పాసిపోతయి. ఎర్ర మచ్చలు గావు. అరచేతులు గూడ సూపెట్టు డాక్టరమ్మకు. పార పట్టి కాయలు గాసినయి గదా, మచ్చలు కనవడయి అనుకున్నవా?"

"ఇంతకుముందు కింద పుండు లేచిందా? నొప్పి లేనిది?" అని డాక్టరమ్మ అడిగారు.

"లేచింది. దానంతట అదే మానింది. అయిపాయె గదమ్మా."

"అయిపోలేదు. పుండు మానుతది గని రోగం నెత్తుర్ల ఉంటది. సిఫిలిస్ అనుకుంటున్న. సూదిమందుకు నయమైతది, ఫికర్ చెయ్యకు. నెత్తురు పరీక్ష చేద్దాం. ఎయిడ్స్‌ది గూడ చేద్దాం."

ఎల్లేశం గొంతు లేచింది. "నేను ఆడోళ్ల దిక్కు పోనే పోలె! మా పూలమ్మ ఒక్కతే. నాకెట్ల వస్తది?"

"మగోళ్లతోని గూడ వస్తది ఎల్లేశం" అన్నారు డాక్టరమ్మ.



"నేను నెత్తురు తీపియ్య" అన్నాడు ఎల్లేశం. "ముందటి అర్రల అందరు కూసున్నరు. దేనికని అడిగితే ఏం చెప్పాలె? పూలమ్మ వచ్చేలోపట మచ్చలు అవే పోతయి."

"మచ్చలు పోతయి. రోగం పోదు, పూలమ్మను గూడ పట్టుకుంటది" అన్నాడు ఖాజన్న.

తెర కదిలింది. ఎల్లేశం కంటే ముందు ఖాజన్న బయటికి వచ్చి, నా బల్ల ముందున్న స్టూలు మీద కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"అనసూర్య, ముందు నాది తియ్యి."

బెంచీ మీద పోశవ్వ పక్కన గట్టయ్య ఉన్నాడు. ఖాజన్న షిఫ్టులోనే పని. "ఏమైంది సర్దార్, జరమా?" అన్నాడు.

"జరం గాదు. సుఖరోగాల పరీక్ష. అప్పుడప్పుడు తీపిచ్చుకుంట."

"నీకెందుకయ్యా? పెండ్లామే లేదాయె!"

"పెండ్లాం లేదు. మక్సూద్ ఉన్నడు గద."

ఖాజన్న నా ముందు చాపిన చెయ్యి కదలలేదు కానీ, రెండో చేత్తో స్టూలు అంచును గట్టిగా పట్టుకున్నాడు. రేపు షిఫ్టులో ఈ మాట ఎన్ని నోళ్లు తిరుగుతుందో అతనికి తెలియక కాదు. గట్టయ్య నోరు తెరిచాడు. ఈలోగా పోశవ్వ అందుకుంది.

"ఎవలుంటే ఏంది, నెత్తురు సూపిచ్చుకునుడు మంచిదే. నువ్వు గూడ సూపిచ్చుకో గట్టయ్యా. నీ తిరుగుడు నాకెరుక లేదా?"

బెంచీలన్నీ నవ్వాయి. గట్టయ్య తల దించుకున్నాడు. ఆ నవ్వులో ఎల్లేశం తెర పక్క నుంచి వచ్చి, ఖాజన్న లేచిన స్టూలు మీద కూర్చున్నాడు. చెయ్యి చాపాడు.

మర్నాడు సిఫిలిస్ పరీక్ష ఫలితం తేలింది. ఖాజన్న నెత్తురు బాగుంది. ఎల్లేశానికి సిఫిలిసే. డాక్టరమ్మ సూది వేశారు. తాను చెప్పేదాకా ఎవరితోనూ కలవకూడదనీ, ఆ తర్వాత నిరోధ్ తప్పనిసరి అనీ, భార్యకు చెప్పి ఆమెకూ పరీక్ష చేయించాలనీ అన్నారు. ఎయిడ్స్ పరీక్ష ఫలితం వరంగల్ నుంచి రావాలి.

ఎల్లేశం ఖాజన్న చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వే కాసిపేటకు పోయి ఏదన్న చెప్పు సర్దార్. ఇల్లు కురుస్తాంది, వచ్చే నెల రమ్మను."

"కురవని ఇల్లు కురుస్తాందని నేను చెప్ప. నువ్వే నీ నోటితోని చెప్పాలె. నేనచ్చి గడప బయట కూసుంట." ఖాజన్న సంచిలోంచి ప్యాకెట్లు తీశాడు. "ఇగ ఇది ఇను. వీటికి కొబ్బరినూనె, గ్రీసు రాయొద్దు. పంపు వాషరుకు ఆయిలు తగిలితే ఎట్ల ఉబ్బుతదో గట్లనే ఉబ్బి చినుగుతది. నీళ్లల్ల కరిగే జెల్లీ డాక్టరమ్మ ఇస్తది."

"గ్రీసా! గ్రీసెవడు రాస్తడు సర్దార్?"

"వర్క్‌షాపు పోరగాళ్లను అడుగు."

ఆ రెండు రోజుల్లో ఎల్లేశం నవ్వడం అదే మొదటిసారి.

గురువారం దాటిన తర్వాత ఒక పొద్దున పూలమ్మ వచ్చింది. చంకలో కొడుకు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. వెనక ఎల్లేశం. ఖాజన్న లోపలికి రాకుండా మెట్టు మీదే నిలబడ్డాడు.

"నాకు గూడ నెత్తురు తియ్యాల్నంట గదక్కా" అంది నాతో. బిడ్డను ఎత్తుకోబోయిన భర్త చేతిని తోసేసింది. "నువ్వు దూరం కూసో. నీ మొకం జూస్తే పానం మండుతాంది."

చుట్టూ చూసి, మెట్టు వైపు తిరిగింది. "ఖాజన్నా, ఇటు రా. మొన్న నిన్ను గూడ తిట్టిన, గడప బయట కూసోని విన్నవు గద."

"విన్న చెల్లె. మంచిగనే తిట్టినవ్."

"నువ్వు అందరి ముందట చెయ్యి చాపినంకనే ఈనెకు ధైర్యం వచ్చిందంట. లేకుంటే నాకు చెప్పకపోయేటోడు." ఆమె కొడుకును అతనికి అందించింది. "పట్టు."

ఖాజన్న చేతులు చొక్కాకు తుడుచుకుని బిడ్డను ఎత్తుకున్నాడు.

పూలమ్మకు సిఫిలిస్ అంటుకోలేదని సాయంత్రానికి తెలిసింది. వరంగల్ నుంచి రావాల్సిన ఎయిడ్స్ ఫలితం మాత్రం ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఎల్లేశం మంచం వరండాలోనే అని ఆమె డాక్టరమ్మకు తేల్చి చెప్పడం తెర ఇవతలికి వినిపించింది.

"ఆ నిరోధ్ ఎట్ల వాడాల్నో నాకు గూడ చెప్పుండ్రి డాక్టరమ్మా" అంది ఆ తర్వాత. "ఈనె ఒక్కని మీద ఇడిసిపెట్ట నేను."

బెంచీ చివర తల వంచుకుని కూర్చున్న ఎల్లేశం పక్కకు ఖాజన్న జరిగి, నిద్రపోతున్న బిడ్డను అతని ఒళ్లో పెట్టాడు.