రేడియో మోకాలు

స్పార్కు ప్లగ్గును గుడ్డపేలికతో తుడుస్తూ మేస్త్రీ ఒక చెవి గుమ్మం వైపు వేసి ఉంచాడు. ఈపాటికి రేడియో రావాలి. రేడియో అంటే పెట్టె కాదు, మనిషి. రేవులో చిరిగిన వలలు బాగుచేసే ముసలాయన. పొద్దున కళ్లు తెరిచినప్పుడు మొదలుపెట్టిన మాట నిద్రపోయేదాకా ఆపడు కాబట్టి రేవువాళ్లు ఆ పేరు ఖాయం చేశారు. ఆపే మీట ఎక్కడుందో ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

మేస్త్రీకీ ఒక పేరుంది. ముక్కు మేస్త్రీ. చూడటానికి ఆయన ముక్కు అందరి ముక్కులాంటిదే. కానీ ఒకప్పుడు పడవ గట్టుకు ఆనకముందే, తన మరమ్మతు షెడ్డు ముందు నిలబడి, "ముందు ఇంజను ఆపవయ్యా, నీ గొట్టం చిట్లింది" అని కేకేసేవాడు. పాత పెట్రోలు, నీళ్లు కలిసిన పెట్రోలు, వేడికి కమిలిన రబ్బరు, దేనికది విడదీసి చెప్పేవాడు. పడవల వాళ్లు ముక్కున వేలేసుకునేవారు.

ఆ మధ్య ఒక చలికాలంలో ఆయనకు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసనను కూడా వెంటబెట్టుకుని పోయింది. అప్పటికే భార్య పోయి, ఇంట్లో పలకరించే దిక్కు లేదు. పొయ్యి మీద పాలు మాడి, గిన్నె నల్లబడి, పొగ వచ్చి కళ్లు మండితే గానీ ఆయనకు సంగతి తెలియలేదు. సబ్బు వాసన చూశాడు, కిరోసిన్ వాసన చూశాడు, ఆఖరికి పెట్రోలు డబ్బా మూత తీసి మొహం అందులో పెట్టాడు. నీళ్ల డబ్బాకూ దానికీ తేడా తెలియలేదు. ఆ రోజు మేస్త్రీకి నిజంగా భయమేసింది. పెట్రోలు కారుతున్నా పసిగట్టలేని మేస్త్రీ చేతికి పడవ ఎవరిస్తారు? పడవలు రాకపోతే ఇక ఆ షెడ్డుకు వచ్చేదెవరు?

రేడియోకి ఒక్కడికే చెప్పాడు. రేడియో కాసేపు నోరెత్తలేదు. అంతసేపు ఆయన మాట్లాడకుండా ఉండటం మేస్త్రీ చూడటం అదే మొదలు.

"నాకు ముక్కుంది కదా బావా" అన్నాడు చివరికి. "గురక పెట్టడానికి తప్ప దేనికీ పనికిరావట్లేదు. వాడుకో."

వాళ్లేమీ చుట్టాలు కారు. ఈ బావా అన్న పిలుపు ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తు లేదు.

ఏర్పాటు రేడియోదే. గుమ్మం పక్కన బోర్లించిన ఇనప డ్రమ్ము మీద వల ఒళ్లో వేసుకుని కూర్చుంటాడు. పడవ రాగానే కబుర్లు చెబుతూ వెళ్లి ఒక చుట్టు చుట్టి వస్తాడు. వాసన ముందువైపు ఉంటే కుడి మోకాలిచిప్ప రుద్దుకుంటాడు. వెనకవైపు ఉంటే మోకాలి మడత నొక్కుకుంటాడు. వాసన లేకపోతే మోకాలి జోలికే వెళ్లడు. అప్పుడు మేస్త్రీ కళ్లు మూసుకుని, ముక్కు పైకెత్తి, గాలి నిండా పీల్చి, తీర్పు చెబుతాడు. నాటకం ఎంతగా రక్తికట్టిందంటే రేవంతా రేడియో మోకాలి మీద జాలిపడింది. ఒకరు కాపడం పెట్టమన్నారు, ఒకరు పట్టీ కట్టమన్నారు. జనాన్ని ఇటు ఒడ్డు నుంచి అటు ఒడ్డుకు దాటించే పడవావిడైతే ఏకంగా నూనె సీసా కొనుక్కొచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆవిడ అటు తిరగగానే మిత్రులిద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మేస్త్రీ భార్య పోయాక అలా నవ్వడం అదే మొదలు.

ఒక్కసారి మాత్రం పొరపాటు జరిగింది. ఒక కొత్త పడవ చుట్టూ తిరిగొచ్చి రేడియో మోకాలు పట్టుకున్నాడు. మేస్త్రీ చెక్కలన్నీ ఊడదీసి, గొట్టాలన్నీ విప్పి పొద్దంతా వెతికాడు. చుక్క కూడా కారడం లేదు. పడవాయన విసుక్కుని వెళ్లిపోయాడు.

"లేని వాసన ఎక్కడినుంచి తెచ్చావురా? నా పరువు గంగలో కలపడానికా?" అని మేస్త్రీ అరిచాడు.

రేడియో తల దించుకున్నాడు. "తప్పయింది బావా. ఇకనుంచి లీకుంటే తప్ప మోకాలు ముట్టుకోను."

మాట మీద నిలబడ్డాడు కూడా. ఆ తరువాత ఒక్కసారీ తప్పలేదు.

ఈ రోజు రేడియో వల తీసుకురాలేదు. గట్టు మెట్లు మెల్లగా ఎక్కి వచ్చి, డ్రమ్ము మీద కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నా పడవ అలిగింది బావా. సరిగ్గా బయల్దేరే రోజు చూసుకుని పెట్రోలు కారుస్తోంది."

వెళుతున్న సంగతి మేస్త్రీకి తెలుసు. కాలువకు ఎగువన, రోడ్డు లేని చోట, రేడియో అక్క ఒంటరిగా ఉంటుంది. జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. చిన్నప్పుడు తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. వెళ్లి ఆవిడతోనే ఉండిపోతానని రేడియో చెప్పినప్పుడు మేస్త్రీ "వెళ్లు మరి" అన్నాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. 

"ఎక్కడొస్తోంది వాసన?"

"అంతటా ఉంది. ముందని చెప్పలేను, వెనకని చెప్పలేను."

మేస్త్రీ పానాల సంచి భుజానేసుకుని మెట్లు దిగాడు. రేడియో వెనకాలే, ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి దిగుతున్నాడు.

"ఇప్పుడు ఎవరూ చూడట్లేదులే. ఆ నటన ఆపి త్వరగా రా" అన్నాడు మేస్త్రీ.

"అలవాటైపోయింది బావా" అని నవ్వాడు రేడియో.

చిన్న చెక్క పడవ. వెనక ఇంజను, దాని ముందు అడుగు చెక్కల కింద పెట్రోలు ట్యాంకు. మధ్యలో అప్పటికే ఒక పరుపుచుట్ట, ఒక ట్రంకుపెట్టె, తాడుతో కట్టిన గిన్నెలు. ఒక మనిషి ఆస్తంతా అంతే. మేస్త్రీ వాటి వైపు చూడకుండా ముందు బ్యాటరీ తీగ ఊడదీశాడు. చిన్న నిప్పురవ్వ చాలు, ఇద్దరి కబుర్లూ ఒకేసారి ముగుస్తాయి. తరువాత చెక్కలు లేపి గాలి ఆడనిచ్చాడు. అడుగున నిలిచిన నీళ్ల మీద రంగురంగుల పొర తేలుతోంది. ముక్కు పోయినా కళ్లు పోలేదు కదా అనుకున్నాడు.

నీళ్లు తోడి, అడుగంతా పొడిగుడ్డతో తుడిచాడు. గొట్టాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో నిమిరాడు. పొడిగా ఉంది. బిగింపులు పొడిగానే ఉన్నాయి. పెట్రోలు పోసే మూత దగ్గరా తడి లేదు. కొంతసేపు ఆగి చూస్తే ట్యాంకు కింద నుంచి సన్నటి తడి మళ్లీ పాకుతూ వచ్చింది. ఇద్దరూ కలిసి పెట్రోలు డబ్బాల్లోకి తోడారు. మేస్త్రీ ట్యాంకు కన్నాలన్నీ బిరడాలతో మూసి, ఒక్కదానికి సైకిలు పంపు తగిలించి, కొద్దిగా గాలి కొట్టాడు. ఎక్కువ కొడితే రేకు ఉబ్బుతుంది. బక్కెట్లో సబ్బు నురుగు చేసి కుంచెతో పైనా పక్కలా పూశాడు. అతుకుల వెంట పూశాడు. నురుగు ఎక్కడా ఉలకలేదు.

"పైన ఏమీ లేదు. ఉంటే అడుగునే" అన్నాడు.

పట్టీలు విప్పి, చెరొకవైపు పట్టుకుని ట్యాంకును గట్టు మీద బోర్లా వేశారు. అడుగున నురుగు రాయగానే ఒక మూల బుడగలు పుట్టుకొచ్చాయి. రేకు మీద చీమలు తిన్నట్టు గుంటలు. మేస్త్రీ వంగి ట్యాంకు ఉన్న చోట చెయ్యి పెట్టి, నల్లగా మాగి నీళ్లోడుతున్న ఒక గోనెసంచిని బయటికి లాగాడు.

"ఇదెవడు పెట్టాడు?"

"నేనే" అన్నాడు రేడియో. "ట్యాంకు గడగడా కొట్టుకుంటుంటే, నా మాట నాకే వినపడక."

ఆ పని ఈ భూమ్మీద రేడియో తప్ప ఇంకొకడు చెయ్యడు. మేస్త్రీకి నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"ఉప్పునీళ్లు పీల్చుకుని ఆరకుండా కూర్చుంది. రాత్రీ పగలూ రేకును తిన్నది. దాని మానాన దాన్ని మోగనిచ్చి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు. అతుకేసినా నిలవదు, ట్యాంకు మార్చాల్సిందే."

"నీ దగ్గరుందా?"

ఉంది. షెడ్డు వెనక గదిలో, పాత తెరచాప కింద, పాడైన పడవలోంచి తీసి దాచిన మంచి ట్యాంకు ఉంది. కొలత కూడా సరిపోతుంది. అది తలుచుకుంటూనే మేస్త్రీ అన్నాడు: "లేదు. ఎక్కడైనా అడిగి చూడాలి. పట్టొచ్చు కొన్నాళ్లు."

కొన్నాళ్లు. ఆ కొన్నాళ్లూ రేడియో వచ్చి డ్రమ్ము మీద కూర్చుంటాడు. ఎవరి గేదె ఎవరి పాదులో పడిందో, ఎవరి అల్లుడు ఎందుకు అలిగాడో చెబుతూనే ఉంటాడు. అంతకంటే మేస్త్రీకి ఏం కావాలి?

రేడియో గట్టు అంచున కూర్చున్నాడు. "అక్కకి పక్కింటావిడ ఇంత వండి పెడుతోందట. ఆవిడా రేపో మాపో ఊరెళుతుందట" అని అంతటితో ఆగిపోయాడు. రేడియో మధ్యలో ఆగిపోవడం మంచి శకునం కాదు.

మేస్త్రీ పెద్ద పానా తెస్తానని చెప్పి షెడ్డులోకి వెళ్లాడు. వెనక గదిలో తెరచాప తొలగించి ట్యాంకు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. మంచం మీంచి లేవలేని ఆవిడ చెంబు కోసం చెయ్యి చాచడం ఆయనకు కళ్లకు కట్టింది. భార్య చివరి రోజుల్లో అలాగే చాచేది. సిగ్గుపడి లేచాడు. బయటికి వచ్చినప్పుడు ట్యాంకు ఆయన రెండు చేతుల్లోనూ ఉంది.

"ఉంది" అన్నాడు అంతే.

రేడియో లేచి ట్యాంకుకు ఒక చెయ్యి వేశాడు.

ఈసారి గోనె లేదు. గట్టి రబ్బరు పట్టీలు ఎడంఎడంగా అంటించి, కింద గాలి ఆడేలా వాటి మీద ట్యాంకును కూర్చోబెట్టాడు. పట్టీలు బిగించాడు. గొట్టం పాతబడిందని కొత్త ముక్క వేశాడు. మళ్లీ గాలి, మళ్లీ నురుగు. అడుగు అంచు దాకా వేలు పోనిచ్చి చూశాడు. తరువాత డబ్బాల్లో పెట్రోలు వడగట్టి పోసి, బ్యాటరీ తీగ తగిలించి, ఇంజను తిప్పాడు.

"ఇప్పుడు చూడు. వాసన?"

రేడియో వంగి గాలి పీల్చాడు. లేస్తూ ఉంటే ఆయన చెయ్యి మోకాలి దాకా వెళ్లి, గబుక్కున వెనక్కి వచ్చింది.

మేస్త్రీ ఇంజను ఆపబోయాడు. "ఉందా?"

"లేదు బావా, లేదు. ఒట్టు. వాసనే లేదు." సబ్బు బక్కెట్టు పక్కకు జరిపి అన్నాడు, "చూశావా, నా ముక్కు అక్కర్లేకుండానే పట్టేశావు. ఇక నీకు సబ్బుంది."

"సబ్బు మాట్లాడదు కదరా."

ఆ మాట అనేశాక మేస్త్రీ పానాలు తుడవడంలో మునిగిపోయాడు. తుడిచినవాటినే మళ్లీ తుడిచాడు.

పోటు నీరు కాలువలోకి ఎక్కడం మొదలైంది. ఎగువకు వెళ్లేవాళ్లు ఆ నీటితోనే వెళ్లాలి. రేడియో పడవ అంచు పట్టుకుని, ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలిని చేత్తో ఎత్తి లోపలికి తెచ్చుకున్నాడు.

"అక్కకో మంచి కాలుంది, నాకో మంచి కాలుంది. ఇద్దరం కలిస్తే ఒక నిండు మనిషి తిరిగినట్టే" అన్నాడు.

"నీ వేళాకోళం నువ్వూనూ" అని మేస్త్రీ తాడు విప్పి పడవలోకి విసిరాడు.

పడవ మలుపు తిరిగేదాకా రేడియో ఏదో చెబుతూనే ఉన్నాడు. ఇంజను చప్పుడులో ఒక్క మాటా వినపడలేదు. ట్యాంకు మాత్రం గడగడలాడకుండా కుదురుగా కూర్చుంది.

మేస్త్రీ షెడ్డుకు వచ్చి పాత ట్యాంకును గోడకు ఆనించాడు. సైకిలు పంపును మేకుకు తగిలించాడు. ఇంకేం చెయ్యాలో తోచక గుమ్మంలో నిలబడ్డాడు. పొద్దు వాలుతుండగా పడవావిడ రోజు పని ముగించి తెడ్డు భుజాన వేసుకుని అటుగా వచ్చింది.

"రేడియో అన్న ఇంకా వెళ్లలేదా?" అంది ముక్కు ఎగబీలుస్తూ.

"వెళ్లిపోయాడమ్మా. ఇందాకే."

"మరి ఆ మోకాలి నూనె వాసన గుప్పుమంటోందే? నేనిచ్చిందే అది. అయిపోతే మళ్లీ మళ్లీ తెప్పించుకునేవాడు. రోజూ పొద్దున్నే ఆ కింది మెట్టు మీద కూర్చుని రాసుకుని గానీ పైకి ఎక్కేవాడు కాదు. మెట్టెక్కితే పాపం కళ్ల నీళ్లు తిరిగేవి. నీ షెడ్డంతా ఎప్పుడూ ఆ వాసనే కదన్నా. నీకు తెలియనిదేముంది?"

"తెలుసు" అన్నాడు మేస్త్రీ.

ఆవిడ వెళ్లిపోయింది. మేస్త్రీ మెల్లగా వచ్చి డ్రమ్ము మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లలో ఆయన దాని మీద కూర్చోవడం ఇదే మొదలు. లీకు లేని ఆ కొత్త పడవ గుర్తొచ్చింది. ఆ రోజు కారింది పెట్రోలు కాదు. నొప్పి ఓర్చుకోలేక మనిషి తన మోకాలు తాను పట్టుకున్నాడు. దానికి తను అరిచాడు. అరిచిన పాపానికి ఆ తరువాత ఎంత సలిపినా, పక్కనే కూర్చుని, కబుర్లు చెబుతూ, మోకాలి మీద చెయ్యి వెయ్యకుండా ఉన్నాడు. రేవు రేవంతా పసిగట్టింది. ముక్కు మేస్త్రీకి ఒక్కడికే తెలియలేదు. మేస్త్రీ ఏడ్చాడు. చూసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి దాచుకోలేదు.

లేవబోతుంటే డ్రమ్ము వెనక కాలికి ఏదో తగిలి దొర్లింది. వంగి తీశాడు. మూత వదులుగా ఉంది. తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, గాలి నిండా పీల్చాడు. ఏమీ లేదు. కళ్లు తెరిచి వాలుతున్న వెలుతురుకు ఎదురుగా పట్టి చూశాడు. సీసా అడుగున ఒక పూటకు సరిపడా నూనె, మీది కాగితం మీద పట్టుకుని పట్టుకుని అరిగిపోయిన చోట జిడ్డు బొటనవేలి గుర్తు.