వెనిగర్ మరిగేదాకా

మాంసం కొవ్వు అంటిన వేలి మీద పెళ్ళి ఉంగరం నిలవడం లేదు. నెరిస్సా దాన్ని తీసి కిటికీలోని మిరప మొక్క కొమ్మకు తగిలించింది. ఎర్రటి కాయ పక్కన అది తళుక్కుమంటుంటే తనలో తనే మురిసిపోయింది. అంతలో అత్తగారి చెప్పుల చప్పుడు వినపడి నవ్వు ఆగిపోయింది.

బస్సులు ఆగే చోట, అందరూ నానాంగ్, అంటే అమ్మ, అని పిలిచే అత్తగారు పాసింగ్ నడిపే చిన్న హోటల్లో పొయ్యి దగ్గర ఆవిడ తప్ప ఇంకెవరూ నిలబడరు. లగూనా నుంచి కోడలై వచ్చిన రోజు నుంచీ నెరిస్సాది ఎంగిలి పళ్ళాల తొట్టి. ఇవాళ పొద్దున్నే ఆవిడ ఉన్నట్టుండి అంది:

"ఒక్క కుండ అడోబో వండు. కుదిరితే ఆదివారాలు పొయ్యి నీది. కుదరకపోతే నీ తొట్టి నీకుంది. ఆ సోయా సీసా మాత్రం ముట్టకు. ఇది ఇలోకోస్, మీ ఊరు కాదు."

అడోబో అంటే వెనిగర్‌లో ఉడికించే మాంసం కూర; ఇక్కడ దాంట్లో సోయా బదులు బగోంగ్ వేస్తారు. ఉప్పులో నెలల తరబడి ఊరి మెత్తబడ్డ చేపల ముద్ద. వేగిన వెల్లుల్లి మీద అది పడగానే గుప్పుమని ముక్కు అదిరింది. మరుక్షణమే ఆ వాసన కమ్మగా మారిపోయింది. మాంసం, మిరియాలు వేసి, పైనుంచి చెరకు వెనిగర్ పోసింది.

"కలుపు," అంటూ అత్తగారు గరిటె చేతికిచ్చింది.

నెరిస్సా గరిటె కుండలో పెట్టలేదు. వెనిగర్ మరగకముందే గరిటె పెడితే ఆ పచ్చి పులుపు ఎంత ఉడికించినా పోదు. చిన్నప్పుడు అమ్మమ్మ వేళ్ళ మీద కొట్టి మరీ నేర్పింది.

"ఇంకా మరగలేదండీ, నానాంగ్."

"అడుగంటుతోంది. నీకు వాసన తెలియట్లేదా?"

ఎంత పీల్చినా మాడు వాసన లేదు.

గుమ్మంలో వెల్లుల్లి ఒలుస్తున్న భర్త డియోనెల్ తలెత్తాడు. "అమ్మా, తను చెప్పేది..."

"నువ్వు నోరు మూసుకుని ఒలు. పెళ్ళయ్యాక మాటలెక్కువయ్యాయి నీకు."

బల్ల దగ్గర అన్నం ముందు పెట్టుకుని కూర కోసం కాచుక్కూర్చున్న, జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బండి డ్రైవర్ ఇసింగ్ కిసుక్కున నవ్వాడు. "ఒరే డియోనెల్, ఇంతకీ నువ్వెవరి వైపురా?"

"ఆకలి వైపు, అన్నా."

ఆ నవ్వు అత్తగారి ముఖానికి అంటలేదు. "నా పొయ్యి, నా కుండ. కలపమంటున్నానా?"

నెరిస్సా గరిటెను గట్టిగా పట్టుకుంది. కలిపితే కూర పోతుంది. కలపకపోతే అత్తగారు ఊరుకోదు. ఎటు చూసినా తొట్టే. డియోనెల్ వైపు చూసింది. అతను కళ్ళతోనే, నీ ఇష్టం అన్నాడు.

గరిటెను వీపు వెనక దాచుకుంది.

"మరిగాక కలుపుతానండీ. తరవాత మీరేమన్నా పడతాను."

అత్తగారు కదల్లేదు. ఇసింగ్ కూడా నవ్వడం మానేశాడు. కుండలో పులుసు అద్దంలా నిశ్చలంగా ఉంది. ఒక అంచున చిన్న బుడగ లేచి పగిలింది. ఇంకొకటి. ముక్కును కోసే ఆవిరి పైకి లేచి, చూస్తుండగానే పలచబడింది. కుండంతా కుతకుతలాడాక నెరిస్సా గరిటె అందులోకి దించి కలిపింది.

మాంసం మెత్తబడి, నూనె పైకి తేలాక అత్తగారు వేలితో పులుసు నాకి చూసింది.

"ఉప్పెక్కువ."

నెరిస్సా తల దించుకుంది. అత్తగారు పళ్ళెంలో అన్నం పెట్టుకుని, దాని మీద పులుసు పోసుకుని ఒక ముద్ద తింది. ఆ తరవాత ఇంకోటి.

"మా అత్త కూడా నన్ను కలపమంది," అంది నములుతూ. "నేను కలిపాను."

"తరవాత?"

"తరవాతేముంది! వీధంతా పచ్చి వెనిగర్ తింది. వీడు పుట్టేదాకా నేను తొట్టి దగ్గరే." ఖాళీ పళ్ళెం కొడుకు ముందుకు నెట్టింది. "లేరా. ఇకనుంచి ఆదివారాలు పళ్ళాలు తోమేది నువ్వు."

"అన్నా," అన్నాడు డియోనెల్ దిగాలుగా, "ఆకలి వైపు ఉన్నా ఓడిపోయాను."

నెరిస్సా పకపకా నవ్వుతూ ఇసింగ్ అన్నం మీద కూర వడ్డించింది. ఉంగరం ఇంకా మిరప కొమ్మకే ఉంది.