గిన్నె అడుగున

రెండో ద్రాక్షాకు చుట్ట నోట్లో ఉండగానే నళినికి గిన్నె అడుగున ఎముక కనపడింది.

వేలెడంత ఎముక. ఒక కొన గుండ్రంగా ఉంది, రెండో కొన రంపంతో కోసినట్టు చదునుగా ఉంది. అడుగున పరిచిన చిరిగిన ఆకుల కింద నుంచి తెల్లగా పొడుచుకొచ్చింది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నందువల్ల దాని చుట్టూ కొవ్వు పేరుకుంది.

నోట్లోది సింకులో ఉమ్మేసి పుక్కిలించింది. మొదటి చుట్ట అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. సింకు అంచు పట్టుకుని వంగి, అది బయటికి రావడం కోసం ఎదురుచూసింది.

చలికాలం చివర్లో కడుపులో కాన్సరని తేలింది మొదలు ఆమె కడుపు ఏదీ నిలుపుకోలేదు. పెరుగన్నం తిప్పికొట్టింది. చారు తిప్పికొట్టింది. ఆస్పత్రివాళ్ళిచ్చిన డబ్బా పాలు గొంతు కూడా దిగనివ్వలేదు. ద్రాక్షాకుల్లో అన్నం పెట్టి చుట్టి, నిమ్మరసంలో ఉడికించిన ఈ పుల్లటి చుట్టలొక్కటే, అదీ ఈ మధ్యనే, ఒప్పుకుంటోంది. ఇవాళ పొద్దున్నయితే ఎన్నాళ్ళకో ఆకలి కూడా వేసింది. అందుకే భర్త వచ్చి వడ్డించేదాకా ఆగలేక తానే గిన్నె తీసింది.

ఎంతసేపు వంగి నిలబడినా వాంతి రాలేదు.

నళిని ఎముకను పేపర్ టవల్‌లో చుట్టి హౌస్‌కోటు జేబులో వేసుకుంది.

గుంటూరులో ఆమె పుట్టింట్లో కోడిగుడ్డును పేరు పెట్టి పిలిచేవారు కాదు, "అది" అనేవారు. భర్త జగదీష్ వెంట మిషిగన్ వచ్చి పదిహేనేళ్ళయింది. ఈ దేశంలో ఆమె చదివిన ఇంగ్లీషంతా డబ్బాల మీది సన్నటి అక్షరాలే. బీన్స్‌లో పంది కొవ్వు, జెల్లోలో ఎముకల జిగురు. కూతురు రేణు చిన్నప్పుడు ఎవరి పుట్టినరోజుకో వెళ్ళి ఆ జిగురుతోనే చేసే మార్ష్‌మాలో మిఠాయి నోట్లో పెట్టుకుంటే, అందరి ముందూ వేలు పెట్టి బయటికి తీసింది. డ్రై క్లీనింగ్ షాపులో ప్యాంట్ల అంచులు కుట్టే పని ఆమెది. అక్కడివాళ్ళు కేకు తెచ్చిన రోజున, "నళిని వస్తోంది, అట్టపెట్టె దాచేయండి, చదువుతూ కూర్చుంటుంది" అని నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే చదివేది.

ఇంట్లో మాత్రం దేన్నీ చదవక్కర్లేదు.

రేణు కళ్ళు నులుముకుంటూ మేడ దిగింది. పదిహేనేళ్ళ పిల్ల, బడికి సెలవులు. నళిని పొట్లం విప్పి చూపించింది.

"ఇదేమిటి?"

"బోన్. యక్!"

"నువ్వు తెచ్చావా?"

"నేనా? నో వే! నేను బర్గర్ బయటే తింటాను అమ్మా, ఇంటికి ఎందుకు తెస్తాను?" అనేసి రేణు నాలిక కరుచుకుంది.

"బర్గరా?"

"వన్స్. ఓకే, ట్వైస్. డాడీకి చెప్పకు, ప్లీజ్."

ఇంకో రోజైతే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఇవాళ నళినికి కేకలేసే ఓపిక లేదు. పిల్ల అబద్ధం చెప్పడం లేదని మాత్రం తేలిపోయింది. పొట్లం మళ్ళీ జేబులో పెట్టుకుని పెరట్లోకి నడిచింది.

కంచె అవతల నజీబా గొట్టంతో మొక్కలు తడుపుతోంది. లెబనాన్ మనిషి. ఆ కంచె మీది ద్రాక్ష తీగ ఆమెదే, నళినికి చుట్టలు చుట్టడం నేర్పిందీ ఆమే. ఎముక చూడగానే నజీబా గొట్టం కింద పడేసింది.

"నేనా? నీ గిన్నెలోనా? నీ కోసమని మా ఇంట్లో వేరే గరిటె పెట్టాను నళినీ! మా ఆయన ముట్టుకోకుండా దానికి ఎర్ర దారం కట్టాను!"

"నీ మీద అనుమానం కాదు. ఇలాంటిది ఎక్కడిదో నీకు తెలుస్తుందని."

నజీబా ఎముకనే చూస్తూ తడిచేతులు గౌనుకు తుడుచుకుంది. గొంతు తగ్గింది.

"గొర్రెది. మేం గిన్నె అడుగున ఎముకలు పరిచి, వాటి మీద చుట్టలు పేరుస్తాం. మా అమ్మ చేసేది, వాళ్ళమ్మ చేసేది. మొన్నీమధ్య మీ ఆయన ఇక్కడే నిలబడి అడిగాడు. చెప్పాను. తెలుసుకోవడానికి అడిగాడనుకున్నాను."

"ఏమని అడిగారు?"

"ఎంతసేపు ఉడికితే బలం అన్నంలోకి దిగుతుందని."

నళిని ఇంట్లోకి వచ్చి కుట్టుమిషను ముందు కూర్చుంది. షాపువాళ్ళు దయతలచి పని ఇంటికే పంపుతున్నారు. నల్ల ప్యాంటు అంచు మడిచి గుండుసూదులు గుచ్చింది. ముంజేతి మీద గాజులు జారిపోకుండా దారంతో బిగించి కట్టుకుంది. మిషను కదలడంలేదు, కాలు కదిలితేగా.

అడగాలి. అడిగితే జగదీష్ అబద్ధం చెప్పడు. ఆయనకు చేతకాదు. వచ్చిన కొత్తలో ఫ్యాక్టరీ పిక్నిక్‌లో హ్యామ్‌బర్గర్ తిని, ఇంటికొచ్చి తనంతట తానే చెప్పేశాడు. నళిని నెల రోజులు ఆయన కంచం వేరే పెట్టింది. కిందటి నెల డాక్టరు చికెన్ సూపన్నా తాగించమంటే, "ఇంకోసారి ఆ మాటంటే ఈ గడప తొక్కను" అని లేచి వచ్చేసింది. జగదీష్ వెనకాలే వచ్చి కారు తీశాడు.

అడిగితే చెబుతాడు. చెప్పాక ఆ గిన్నెలోది ఇక నోట పెట్టడం తన వల్ల కాదు. అది తప్ప కడుపు ఇంకేదీ పట్టదు. అంటే ఆ ప్రశ్న అడగడమంటే తన అన్నం తానే మానుకోవడం.

మధ్యాహ్నం మామూలుగానే వేడినీళ్ళలో ఆకులు వేసి తీసింది. పచ్చటి ఆకు ఒక్క క్షణంలో ఖాకీ రంగుకు తిరిగింది. నిగనిగలాడే వైపు కిందకి, ఈనెల వైపు పైకి పరిచి తొడిమలు కత్తిరించింది. నానబెట్టిన బియ్యం, శనగలు, టమాటా, పుదీనా కలిపి ఆకుకి అడ్డంగా సన్నగా పెట్టింది. కింది అంచు మడిచి, పక్కలు లోపలికి దోపి, చుట్టింది. బియ్యం ఉబ్బుతుంది కాబట్టి బిగించకూడదు. ప్యాంటు అంచు మడిచే వేళ్ళకు ఇదొక లెక్కలోది కాదు. "మా ఆవిడ చుట్టలు చుడుతుంది, నేను వెలిగిస్తాను" అని జగదీష్ స్నేహితులతో గొప్పలు పోయేవాడు. నిజమే, ఉడికే వాసన పడక ఆమె ఆ వేళకి పడకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. పొయ్యి పని ఆయనదే.

జగదీష్ డ్యూటీ దిగి వచ్చేసరికి వంటింటి కిటికీలో ఇంకా ఎండ ఉంది. గేర్ల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు. ఉక్కు పళ్ళలో వెంట్రుకవాసి తేడా పట్టుకోవడం ఆయన ఉద్యోగం. చేతులు కడుక్కుని, పేర్చడానికి గిన్నె అందుకున్నాడు.

"నువ్వెళ్ళి పడుకో నళినీ. వాసనొస్తుంది."

"పర్వాలేదు. ఇక్కడే కూర్చుంటాను."

"తర్వాత కడుపులో తిప్పుతుంది."

"తిప్పనీండి."

ఆయన గిన్నె కడిగాడు. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగాడు. గరాజ్‌లోకి వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. అడుగున చిరిగిన ఆకులు పరిచి, చుట్టలు ఒక్కొక్కటే పేర్చడం మొదలుపెట్టాడు. పేర్చడం అయ్యాక నీళ్ళూ నిమ్మరసమూ పోసి పొయ్యి వెలిగించాడు.

ఆ ఏడు కంచె మీది ఆకులు పండి రాలకముందే నళిని పోయింది. మధ్యాహ్నం వేళ, ఎవరినీ పిలవకుండా, నిద్రలో. పోయే ముందురోజు దాకా ఆ చుట్టలు తింది. ఎముక దొరికిన నాటి సాయంత్రం తప్పితే మళ్ళీ ఎన్నడూ పొయ్యి దగ్గర కూర్చోలేదు. జగదీష్ గిన్నె అందుకోగానే తానే లేచి, పడకగదిలోకి వెళ్ళి, ఆయనకు వినపడేలా తలుపు వేసుకునేది.

ఆ సాయంత్రం మాత్రం అడిగింది.

"ఏమండీ, అడుగున ఏం వేస్తున్నారు?"

జగదీష్ వెనక్కి తిరగలేదు. పొయ్యి ఆర్పేశాడు.

"ఎముకలు. నేనే. నజీబాను ఏమీ అనకు, ఆవిడకి తెలీదు. మన ఊళ్ళో కొంటే ఎవరన్నా చూస్తారని డియర్‌బోర్న్ దాకా పోయాను. కొట్టువాడు ఎంతమందికి అనడిగితే, ఒక్క మనిషికి అన్నాను. ఉడికాక అన్నీ ఏరేసేవాణ్ణి. ఒకటి మిగిలిపోయిందన్నమాట. మొదటిరోజు గరాజ్‌లో నాకే వాంతయింది. నీకు కాలేదు. తిని, ఇంకోటుందా అన్నావు. ఎన్నాళ్ళయింది నళినీ నువ్వామాట అని? అప్పట్నుంచీ నేను దేవుడి దగ్గర దీపం పెట్టడం లేదు, రేణు చేత పెట్టిస్తున్నాను. పాపమేదన్నా ఉంటే నా ఒక్కడికే రానీ. తప్పయిందని అనను. నువ్వడిగావు కాబట్టి చెప్పాను. అడక్కపోతే చెప్పేవాణ్ణి కాదు. రేపు కూడా వేసేవాణ్ణి."