మెడ తిప్పడం మానేసిన దొర

దొర తన క్షవరాల షాపులో నురుగు గిన్నె కోసం అల్మరా వైపు తిరిగాడు. తిరిగింది మెడ కాదు, మనిషి మొత్తం. గిన్నె అందుకుని మళ్ళీ భుజాలతో, నడుముతో, పాదాలతో సహా కుర్చీ వైపు తిరిగాడు. మెడలో నాలుగు ఎముకలను లోహపు పట్టీ వేసి ఒకటిగా బిగించి ఏడాదిన్నరయింది. పిలిచినా వెనక్కి చూడకుండా, తల ఎత్తుకుని నడుస్తాడని వీధి వీధంతా అతనికి దొర అని పేరు పెట్టింది.

ఆపరేషన్ మంచే చేసింది. అడిగిన ప్రతివాడికీ ఆ మాటే చెబుతాడు. భుజం నుంచి బొటనవేలి దాకా పాకిన మంట పోయింది, కత్తెర పట్టు తిరిగొచ్చింది. కాకపోతే ముద్ద గొంతులో ఒక్క క్షణం ఆగి దిగుతుంది. గొంతు మీది కోత గీత చూసి కొత్తవాళ్ళు, "నీ కత్తి నీకే తెగిందా?" అంటారు. పెళ్ళాం సరేసరి. "ఇన్నేళ్ళూ నా ముందు తలొంచుకు తిరిగారు, ఇప్పుడు వంచమన్నా వంచరు" అని ఎగతాళి చేస్తుంది.

దొరను వదలనిది ఒక చప్పుడు. క్షవరం అయ్యాక కుర్చీలో మనిషి గడ్డం కింద ఒక చెయ్యి, నడినెత్తిన ఒక చెయ్యి వేసి అటొకసారి, ఇటొకసారి విదిలిస్తే మెడ టక్ మనేది. ముప్పై ఏళ్ళు జనం అతని కుర్చీకి ఎగబడింది దానికోసమే. అరిగిన మెడను అలా విదిలిస్తే లోపలి నరం నలిగిపోవచ్చని ఆసుపత్రిలో డాక్టరు ప్లాస్టిక్ ఎముకల బొమ్మ పెట్టి చూపించాడు. అప్పుడు దొరకు తన మెడ గుర్తు రాలేదు. తను తిప్పిన మెడలన్నీ కళ్ళముందు వరసకట్టాయి. ఇప్పటికీ సొరుగు మూసినా, గొళ్ళెం పడినా ఒళ్ళు జలదరిస్తుంది.

ఈ ఉదయం కుర్చీలో ఉన్నది మాస్టారు. ఉద్యోగం నుంచి దిగిపోయి చాలాకాలమైంది. పాతికేళ్ళుగా దొర చేతికే తల అప్పగిస్తున్నాడు. క్షవరం అయ్యాక ఆయన చొక్కా పై గుండీతో చాలాసేపు కుస్తీ పట్టాడు. వేళ్ళు గుండీని పట్టుకోవడం లేదు. అద్దంలో అది చూసి దొర చేతిలో దువ్వెన కింద పెట్టేశాడు.

"వేళ్ళు మొద్దుబారుతున్నాయయ్యా. నువ్వొక్కసారి అలా తిప్పేస్తే సర్దుకుంటుంది."

"అది మానేశాను మాస్టారూ. మెడ డాక్టరుకి చూపించుకోండి. నాకూ గుండీలతోనే మొదలైంది."

"నీకొచ్చిందని ఊరందరికీ వస్తుందా?"

"ఇన్నేళ్ళూ మీ మెడ తిప్పింది నేనేనండీ. నా వల్లే అయ్యుంటే?"

మాస్టారు నవ్వేశాడు. "పిచ్చోడా, నీ చేతికింద ప్రాణం లేచొచ్చేది!"

పక్క కుర్చీ దగ్గరున్న బావమరిది తువ్వాలు దులిపాడు. "ఇలా రండి మాస్టారూ, నేను తిప్పుతాను."

దొర అడ్డంగా వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఆయన మీద చెయ్యి వేశావంటే మర్యాదగా ఉండదు."

"నువ్వు తిప్పవు, నన్ను తిప్పనివ్వవు. ఇక షాపు మూసుకుందామా బావా?"

మాస్టారు మొహం ముడుచుకుంది. "మీలో మీరెందుకు కొట్టుకుంటారు? సందు చివర ఇంకో షాపుంది. అక్కడ తిప్పించుకుంటాలే." కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాడు. గుండీ పెట్టుకోకుండానే వెళ్ళిపోయాడు.

వెళ్ళే వీపు దొరకు అద్దంలోనే కనిపించింది. కాళ్ళు ఎడంగా వేస్తూ, పడవలో నడిచినట్టు నడుస్తున్నాడు. దొర ఒళ్ళంతా తిప్పుకుని గుమ్మం దాకా వచ్చేసరికి ఆయన జనంలో కలిసిపోయాడు.

"మాస్టారూ! మాస్టారూ!" అని అరిచాడు. ఎవరూ ఆగలేదు.

మెట్టు దిగబోతే కాలికి ఏదో తగిలింది. తల వంచి చూడలేడు కనక గోడ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆపరేషన్‌కు నెల ముందు తనూ ఇలాగే ఒంటి చెప్పుతో సందు చివరి దాకా నడిచాడు, పాదానికి ఏమీ తెలియకుండా. సందు చివర ఆ షాపువాడు ఈపాటికి తువ్వాలు దులిపి, "రండి మాస్టారూ" అంటూ ఉంటాడు.

దొర ముందు, మెట్టు మీద, మాస్టారి ఎడమకాలి చెప్పు వీధి వైపు తిరిగి ఉంది.