నా పేరు మీద దిగిన విమానం

మా నాన్న నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ఉద్యోగం వదులుకున్నాడు. ముందస్తు రిటైర్మెంట్ అని కంపెనీ దానికి మెత్తటి పేరు పెట్టింది. ఆ సంగతి నాకు అమ్మ చెప్పింది, అదీ కూరగాయలు తరుగుతూ, వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా. నాకు ఒళ్ళు మండిపోయింది.

ప్రయాణికులు తగ్గి విమానాలు సగానికి సగం మూలపడ్డాయి. కంపెనీ పైలట్ల ముందు మూడు దారులు పెట్టింది. పెద్దవాళ్ళు కావాలంటే ముందే తప్పుకోవచ్చు. లేదంటే సగం పని, సగం జీతం. ఈ రెండింటికీ చాలినంతమంది ముందుకు రాకపోతే, ఆఖర్న చేరినవాళ్ళని జీతం లేని సెలవు మీద ఇంటికి పంపేస్తారు. ఆ ఆఖరివాళ్ళలో నేనూ ఉన్నాను. పైన ఒక కెప్టెన్ తప్పుకుంటే కింద ఒక కో-పైలట్ ఉద్యోగం నిలుస్తుంది. కెప్టెన్ అయిన నాన్న, కో-పైలట్‌నైన నా కోసం వేసుకున్న లెక్క అదే.

"నన్నడిగావా?" అన్నాను.

"అడిగితే ఒప్పుకుంటావా?"

"నువ్వింకా ఏడేళ్ళు ఎగరొచ్చు నాన్నా."

"మోకాళ్ళ నొప్పులే తల్లీ. నీ వయసులో ఒకసారి ఇంట్లో కూర్చుంటే మళ్ళీ సీటు దొరకదు. ఇంక వదిలెయ్."

ఆయన మోకాళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి. మూడో అంతస్తుకి రోజూ మెట్లెక్కి వచ్చేది ఆయన, లిఫ్టు కోసం నిలబడేది నేను.

ఆయన ఆఖరి డ్యూటీలో ప్రయాణికులు కూడా లేరు. ఒక పాత విమానాన్ని తీసుకెళ్ళి, పనిలేని విమానాల్ని నిలబెట్టే చోట అప్పగించి రావాలి. పక్క సీటుకి నన్నే వేశారు. నాకు ఆ ల్యాండింగ్ చాలా అవసరం. మా పనిలో ఒక రూలుంది. గడువులోగా కొన్నిసార్లు మన చేత్తో విమానం దింపి ఉండాలి, లేకపోతే ఎగరనివ్వరు. పని తగ్గిపోయి నాకు ఒకటి తక్కువ పడింది. మామూలు రోజుల్లో అయితే నేల మీదే విమానం నడిపినట్టుండే సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి సరిచేసేవాళ్ళు. ఇప్పుడు దానికీ డబ్బు లేదన్నారు. గడువులోగా నాకు ఇంకో డ్యూటీ లేదు, అది దాటితే ఇక నేనూ ఇంటికే.

"దింపేది నువ్వే," అన్నాడు నాన్న, తలుపు మూయకముందే.

వెనకంతా ఖాళీ సీట్లు. "ఇంత బుద్ధిమంతులైన ప్రయాణికుల్ని ఎప్పుడూ చూడలేదే. ఒక్కరూ మంచినీళ్ళు అడగలేదు," అన్నాడు. నవ్వాను. నవ్వుతుంటేనే ఏడుపొచ్చింది.

రన్‌వే కనబడింది. నాన్న ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నేను చెయ్యి కదిపినప్పుడల్లా ఆయన వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి. అది చూశాక నావల్ల కాలేదు.

"నాన్నా, నువ్వు తీసుకో," అన్నాను.

"నోర్మూసుకుని దింపు."

"ఇంకెప్పుడు దింపుతావు నాన్నా?"

ఒట్టు, కాదంటాడన్న ధైర్యంతోనే అడిగాను. ఆయన చేతులు ఒళ్ళోంచి లేచాయి. తర్వాత, "కంట్రోల్ నాది," అన్నాడు. మా దగ్గర ఆ మాట అన్నవాళ్ళదే విమానం. నేను చేతులు తీసేశాను.

నిద్రపోతున్న పసిబిడ్డని మంచం మీద పడుకోబెట్టినట్టు దింపాడు. చక్రాలు ఎప్పుడు నేలని తాకాయో నాకే తెలియలేదు. రన్‌వే దాటి పక్కకి మళ్ళాక ఆయన ముఖం పాలిపోయింది.

"ఎంత పని చేశానే. నీ నోటి దగ్గర కూడు లాక్కున్నాను."

"నేనిచ్చాను, నువ్వు తీసుకున్నావు. పోతే పోనీ."

ఇంజన్లు ఆపాం. ఆ నిశ్శబ్దంలో నాన్న ఏడ్చాడు. ఆయన ఏడవగా నేనెన్నడూ చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మెట్ల కింద గ్రౌండ్ ఇంజనీరు నిలబడి ఉన్నాడు. నాన్నకి ఎప్పటినుంచో తెలిసిన మనిషి. కుర్రపైలట్లకి పాఠాలు చెప్పేవాడు కాబట్టి నాన్నని అందరూ మేష్టారనే పిలుస్తారు.

"ఏం మేష్టారూ, ఇంత సుతారంగా దిగిన విమానాన్ని నేనిక్కడ చూడలేదు. డ్యూటీలు వేసే రోస్టర్ వాళ్ళు లైన్లో ఉన్నారు, దింపిందెవరని అడుగుతున్నారు. మీ ఆఖరిది కదా, మీ పేరే చెప్పనా?"

"నాది కాదు," అన్నాడు నాన్న. "మా అమ్మాయిది."

చేసింది చేసినట్టు చెప్పాలని జీవితమంతా పాఠం చెప్పిన మనిషి ఆయన. నేను నోరు తెరవబోయాను. నాన్న నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు.

ఇంజనీరు ఫోన్లో నా పేరు చెప్పి, నా చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "అచ్చం మీ నాన్న దింపినట్టే ఉందమ్మా. అదృష్టవంతుడు, ఇంక నిశ్చింతగా ఇంట్లో కూర్చుంటాడు."

"థాంక్సండీ," అన్నాను.

నాన్న అప్పటికే బ్యాగు లాక్కుంటూ వ్యాను వైపు వెళ్తున్నాడు. ఆయనతో చెయ్యి కలపాలని అక్కడ ఎవరికీ తోచలేదు.