తెలుగులో చెప్పండి మేడం

విజయదుర్గ మూడు క్యారేజీలు కట్టి, అత్తగారికి మెత్తగా కలిపిన పెరుగన్నం మీద మూత పెడుతుంటే, "ఇవాళ కూడా ఆ చుక్కల క్లాసేనా?" అన్నాడు భర్త ఫణికిరణ్. కైకలూరులో చేపల మేత కొట్టు అతనిది.

"అవునండి. ఓ గంట ఆలస్యమవుతుంది."

"చెరువుల మీద కాపలా కాసేవాళ్ళ పిల్లలకి నక్షత్రాలెందుకు చెప్పు? ఆ గంట ఇంట్లో ఉంటే అమ్మకి వేళకి కాఫీ అయినా దొరుకుతుంది" అంటూ బండి తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

కోపంగా అనలేదు. అతనెప్పుడూ కోప్పడడు. కొల్లేటి గట్టున తను పాఠాలు చెప్పే హైస్కూలుకి ఆటోలో వెళ్తూ విజయదుర్గ అదే తలచుకుంది. విశాఖలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే రోజుల్లో రేడియో టెలిస్కోపుల మీద పరిశోధన చెయ్యాలని ఎంత తపించిపోయిందో! ఇంటర్వ్యూకి రమ్మని ఉత్తరం వచ్చిన నెలలోనే పెళ్ళి కుదిరింది. "చదువు మానమన్నామా అమ్మా, ముందు ఇల్లు అలవాటవనీ" అన్నారు అత్తగారు. "పాప కాస్త పెద్దదవనీ" అన్నాడు భర్త. ఎవరూ ఏనాడూ వద్దనలేదు. వద్దని ఉంటే కనీసం పోట్లాడేది. పంతొమ్మిదేళ్ళు గడిచాయి. ఇప్పటికీ ఎక్కడో కొత్త గ్రహాన్ని కనిపెట్టారని ఫోన్లో చదివితే, దూరమైపోయిన మనిషి కబురు విన్నట్టు గుండె కలుక్కుమంటుంది. పొయ్యి మీద పప్పు మాడేది అలాంటి రోజుల్లోనే. ఆ వార్తల్నే తెలుగులో రాసి పిల్లలకి పంచుతుంది. ఏం కనిపెట్టారు, ఎవరు కనిపెట్టారు, వాళ్ళు ఇంటర్లో ఏం చదివారు, అన్నీ.

ఆ రోజు ఆఖరి పీరియడ్లో పూనే నుంచి ఒక పరిశోధకురాలు వీడియో కాల్లోకి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆమెకి తెలుగు రాదు. ఆమె నాలుగు మాటలు చెప్పగానే "తెలుగులో చెప్పండి మేడం" అని అరుస్తున్నారు పిల్లలు. విజయదుర్గ అటూ ఇటూ మాటలు మోస్తోంది.

తొమ్మిదో తరగతి హర్షిత లేచింది. వాళ్ళమ్మానాన్నలు చేపల చెరువుల్లో పనిచేస్తారు.

"రాత్రుళ్ళు చెయ్యాలా అండి ఆ పని? మా అమ్మ చీకటి పడితే బయటికి పంపదు."

రేడియో టెలిస్కోపు పగలూ పనిచేస్తుందని, ఆ సమాచారాన్ని కంప్యూటర్ ముందు కూర్చుని విడదీయడమే ఎక్కువ పని అని, పీహెచ్‌డీ చేస్తున్నప్పుడే స్టైపెండ్ కూడా ఇస్తారని ఆమె చెప్పింది. హర్షిత మొహం విప్పారింది. కూర్చోబోయి మళ్ళీ లేచింది.

"మేడం, ఇంకోటి అడగండి. పెళ్ళయిపోయాక కూడా చేరొచ్చా అని."

విజయదుర్గ తెర వైపు తిరిగింది. పిల్ల అడిగినట్టే అడగబోయింది. ఇంగ్లీషులో ఆ ప్రశ్న "నాకు పెళ్ళయింది, వయసు నలభై రెండు. ఇప్పుడైనా చేరొచ్చా?" అని వచ్చేసింది.

తెరలో ఆమె నవ్వలేదు. వేసవిలో టీచర్లకి నెల రోజుల శిక్షణ ఉందని, అసలైన టెలిస్కోపు డేటా మీద పనిచేయిస్తామని, ఆపైన ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ చెయ్యొచ్చని నిదానంగా చెప్పింది. "దరఖాస్తు పంపండి. మీకోసం ఎదురుచూస్తాను" అంది.

"ఏమన్నారు మేడం? తెలుగులో చెప్పండి" అంది హర్షిత.

"చేరొచ్చన్నారమ్మా" అంది విజయదుర్గ. కళ్ళు తుడుచుకోవడం పిల్లలు చూశారు. చూడనిచ్చింది.

స్టాఫ్ రూంలో కూర్చుని ఫోన్లోనే దరఖాస్తు నింపి పంపాకే ఇంటికి బయల్దేరింది. ఇంటికెళ్ళేసరికి అత్తగారు కాఫీ కోసం చూస్తున్నారు. ఫణికిరణ్ కొట్టు నుంచి అప్పుడే వచ్చాడు. కాఫీ ఇద్దరికీ ఇచ్చి, తనకీ ఒక గ్లాసు పోసుకుని, ఎప్పుడూ లేనిది అతని ఎదురు కుర్చీలో కూర్చుంది.

"వేసవిలో నెల రోజులు పూనే వెళ్ళడానికి దరఖాస్తు పెట్టానండి. సీటొస్తే వెళ్తున్నాను."

ఫణికిరణ్ గ్లాసు పట్టుకుని, 'వెళ్ళనా' అన్న మాట కోసం ఆగాడు. ఆమె కాఫీ తాగుతోంది.